ఒకటవ తారీఖు లేని జీవనము

హైటెక్ సిటీవారి పంచాంగములో తిథివారనక్షత్రములకంటె ప్రధానమైనది జీతము పడు దినము. నెలాఖరుననో ఒకటవ తారీఖుననో ఫోనుకు బ్యాంకు సందేశము వచ్చును. ఆ వెంటనే కూకట్‌పల్లి యింటి అద్దె, మణికొండ ఫ్లాటు ఈఎంఐ, పిల్లల బడి ఫీజు, ఊరికి పంపవలసిన సొమ్ము ఒకదాని వెనుక నొకటి బయలుదేరిపోవును. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయి మాదాపురమున సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటినుండి ఈ ప్రాంతము ప్రపంచమునకు సాఫ్ట్‌వేర్ నెగుమతి చేసెనని అందరును చెప్పుదురు. కాని తెలుగు కుటుంబములకు ఇది ప్రసాదించినది ముఖ్యముగా ఆ బ్యాంకు సందేశమే. ప్రభుత్వపు లెక్కల ప్రకారము తెలంగాణలో ఐటీ రంగమున 2013-14లో 3,23,396 మంది పనిచేయుచుండగా 2022-23 నాటికి వారి సంఖ్య 9,05,715 అయ్యెను. వానకును ఎండకును, ధరకును దళారికిని లోబడిన రాబడిపై తరతరములుగా బ్రదికిన కుటుంబములకు తేదీ తప్పని ఆదాయము సామాన్యమైన భాగ్యము కాదు. అట్టి భాగ్యమును చేతులార వదలుకొని, తాము నిర్మించిన యొక వెబ్‌సైటుపై వచ్చు రాబడితో జీవించెదమని బయలుదేరినవారు ఆ తొమ్మిది లక్షలలో కొలదిమంది కలరు. ఇరుగుపొరుగువారు వారిని సాహసికులందురు, తల్లిదండ్రులు మతిచెడినదందురు. ఆ రెంటికిని నడుమ వాస్తవ మెట్లుండునో విచారించుట ప్రయోజనకరము.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. ఉద్యోగము మాని సొంతముగా ఏదైన స్థాపించుట యనగానే మనకు టీ-హబ్ జ్ఞప్తికి వచ్చును. 2015 నవంబరు 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణమున మొదలై, 2022 జూన్ 28న రాయదుర్గములోని విశాలభవనమునకు మారిన ఆ సంస్థ ఆశ్రయమిచ్చునది స్టార్టప్‌లకు. అనగా పరుల పెట్టుబడితో, పదిమంది సిబ్బందితో, శీఘ్రముగా పెరిగి యెప్పుడో పెద్దధరకు అమ్ముడుపోవలెనను సంకల్పముతో నడచు వ్యాపారములకు. 2006లో మిత్రులతో కలిసి బెంగుళూరున బస్సు టికెట్ల రెడ్‌బస్‌ను స్థాపించి, 2013లో దానిని అమ్మి, పిమ్మట తెలంగాణ ప్రభుత్వమునకు ముఖ్య ఆవిష్కరణాధికారిగా పనిచేసిన ఫణీంద్ర సామ ఆ మార్గమునకు మనవారిలో ప్రసిద్ధోదాహరణము. వెబ్‌సైటు యజమాని మార్గము అది కాదు. అతనికి పెట్టుబడిదారుడు లేడు, సిబ్బంది లేరు, అమ్ముకొనవలెనను తొందర లేదు. ఒక లాప్‌టాపు, ఒక డొమైన్ పేరు, హోస్టింగునకు నెలకు కొన్ని వందల రూపాయలు. ఇంతే అతని సామగ్రి. పోటీపరీక్షల నోటిఫికేషన్లు, ప్రోగ్రామింగు పాఠములు, వంటల వివరములు, సినిమా సమీక్షలు, స్తోత్రపాఠములు, పిల్లల పేర్ల పట్టికలు, ఫోన్ల గుణదోషములు—జనులు వెదకునట్టి దేదో యొకటి శ్రద్ధగా వ్రాసి పెట్టుట, వెదకి వచ్చినవారిద్వారా ప్రకటనల సొమ్మును గడించుట, అతని వృత్తి. చిల్లర దుకాణము వలె ఇదియు ఒక మనిషి నడుపుకొను వ్యాపారమే. భేదమెల్ల దుకాణమునకు ఎదురుగా వీధి కనబడకపోవుటలోనే యున్నది.

ఈ వృత్తి మనకు పూర్తిగా క్రొత్తదని నేను తలపను. కృష్ణాజిల్లా ఎలకుర్రున జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పరస్థలములలో వ్యాపారసంస్థలయందు కొలువు చేసిన పిదప, 1893లో బొంబాయియందు అమృతాంజనమను తలనొప్పి మందును తయారుచేసి అమ్మ నారంభించెను. పదునైదేండ్ల తరువాత, 1908లో, అదే బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించెను. 1914లో అది మద్రాసునుండి దినపత్రికయై వెలువడ నారంభించెను. 1924లో భారతి వచ్చెను. 1926లో ఆంధ్రగ్రంథమాల వెలసెను. ఈ క్రమమును శ్రద్ధగా చూడవలెను. మొదట కొలువు, కొలువునుండి మందు, మందునుండి పత్రిక. పత్రికకు చందాదారు లుండిరి, ప్రకటనకర్త లుండిరి. కాని దాని నష్టములను భరించి నిలబెట్టినది ఆ పసుపుపచ్చని సీసాయే యని పెద్దలెరుగుదురు. ఉత్సాహవంతుడైన యువకుడు ముందే పత్రికను ప్రారంభించి, అదియే తన్ను పోషించునని కూర్చుండుట ఎంత ప్రమాదమో, ఉద్యోగము మాని వెబ్‌సైటును ప్రారంభించి, రాబోవు నెలనుండి అదియే అద్దె కట్టునని యెదురుచూచుట అంతే ప్రమాదము. వెబ్‌సైటు పత్రికవంటిది; దానిని మోయుటకు అమృతాంజన మొకటి కావలెను. తొలి సంవత్సరములలో ఆ యమృతాంజనము సాధారణముగా ఉద్యోగమే.

ఆధునికోదాహరణములకు వత్తము. నేడు ప్రపంచమంతటను ప్రోగ్రామింగు నేర్చుకొను విద్యార్థు లెరిగిన ట్యుటోరియల్స్ పాయింట్ అను వెబ్‌సైటు మాదాపురములోని కావూరి హిల్స్‌నుండి నడచుచున్నదని మనలో అనేకు లెరుగరు. మహమ్మద్ మొహతాషిమ్ స్థాపించిన ఈ సైటు 2006లో హెచ్‌టీఎంఎల్‌పై ఒక్క పాఠముతో ఆరంభమైనదట. ఆ పాఠమునకు వచ్చిన ఆదరమును చూచి మరియొకటి, దానివెంట వేరొకటి చేర్చుచు పోగా, కాలక్రమమున అది పాఠముల భాండాగారమై, కంపెనీయై, పలువురికి జీతములిచ్చు స్థితికి వచ్చినది. అమీర్‌పేటలో గుంపులుగుంపులుగా కోచింగు తీసికొను నగరమున, ఆ పాఠములనే ఇంటినుండి ఉచితముగా చదువుకొనవచ్చునని ఒకరికి తోచుటలో ఆశ్చర్యము లేదు. ఇట్టి ఊహకు ఇంతకంటె తగిన ఊరు మరియొకటి లేదు.

మరియొక ఉదాహరణము అమిత్ అగర్వాల్. ఐఐటీ రూర్కీలో కంప్యూటర్ సైన్సు చదివి, హైదరాబాదున ఏడీపీ సంస్థలో కొలువుచేసి, 2004లో దానిని విడిచి, తన స్వస్థలమైన ఆగ్రాకు పోయి, అక్కడినుండి డిజిటల్ ఇన్‌స్పిరేషన్ అను వెబ్‌సైటును నడిపి, ఈ దేశమున వెబ్ రచనయే వృత్తిగా జీవించినవారిలో మొదటివాడని పేరు గడించెను. హైదరాబాదు అతనికి జీతమిచ్చినది, అనుభవమిచ్చినది; ఆగ్రా ఖర్చు తగ్గించినది. ఈ రెండవ సంగతి మొదటిదానికంటె తక్కువది కాదు. కొండాపురములో డబుల్ బెడ్‌రూమ్ అద్దె చెల్లించుచు రాబడి లేని యేడాది గడపుటకును, కాకినాడలోనో హనుమకొండలోనో సొంత ఇంటిలో ఆ యేడాదినే గడపుటకును ఎంత యంతర మున్నదో లెక్కవేయుటకు గణితపండితుడు అక్కరలేదు.

తెలుగువారి వినోదరంగమున జీవి యను నతడు 1999లో స్థాపించిన ఐడిల్‌బ్రెయిన్ ఉన్నది. తెలుగు సినిమాలపై వెబ్‌సైటు నడుపుట ఒక వృత్తి కాగలదని ఊహించుటకే సాహసము కావలసిన కాలమది. ఇంటర్‌నెట్ కెఫేలో గంటకు డబ్బు చెల్లించి మన కుర్రకారు సమీక్షలు చదివెడివారు. ఆ సైటు తెలుగు సినిమాలనుగూర్చి ఆంగ్లమున వ్రాయుటను తప్పుపట్టినవారు కలరు గాని, నాడు తెలుగు అక్షరములు తెరపై కనబడవలెనన్న ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు దింపుకొనవలసి యుండెనను సంగతి వారు మరచిరి. వంటల విషయమున సంజయ్ తుమ్మ కలడు. హోటల్ నిర్వహణ విద్య నభ్యసించి, అమెరికాలో రెస్టారెంట్లు నడిపి, వానిని వదలి హైదరాబాదునకు మరలి వచ్చి, 2007లో వారెవా.కామ్‌ను ప్రారంభించిన ఈ వంటవానిని జనులు అతని యసలు పేరుకంటె వాషెఫ్‌గానే యెక్కువగా ఎరుగుదురు.

ఇక రాబడి యెట్లు వచ్చునో చెప్పవలెను. ఏలయన, ఉద్యోగము మానదలచినవారు సైతము దీనిని మసకగానే యెరుగుదురు. 2003లో గూగుల్ ప్రవేశపెట్టిన యాడ్‌సెన్స్ అను ఏర్పాటువలన, సామాన్యుడు తన సైటులో కొంత జాగాను ప్రకటనలకు విడిచిపెట్టిన చాలును. ప్రకటనకర్తను వెదకుట, బేరమాడుట, బిల్లు వసూలు చేయుట అతనికి లేదు. పాఠకుడు పుటను తెరచిన క్షణములోనే ఆ జాగాకు వేలము జరుగును; గెలిచినవాని ప్రకటన కనబడును; వాడు చెల్లించినదానిలో సుమారు 68 శాతము సైటు యజమానికి చేరును. పాట యెంత యెత్తునకు పోవుననునది పాఠకు డెవడను దానిపై ఆధారపడి యుండును. అమెరికాలో గృహఋణమునుగూర్చి వెదకు పాఠకునికై బ్యాంకులు పోటీపడి పాడును. అదిలాబాదులో గ్రూప్-4 ఫలితములకై వెదకు పాఠకునికై అంతగా పాడువారుండరు. అందుచేత లక్షమంది చదివిన తెలుగు పుటకంటె పదివేలమంది చదివిన ఆంగ్లపుట ఎక్కువ రాబడిని తెచ్చుట ఈ వృత్తిలో నిత్యానుభవము. పైగా, 2018వరకు తెలుగు భాష యాడ్‌సెన్స్ ఆమోదించిన భాషల జాబితాలో లేనే లేదు. హిందీకి 2014లోనే ఆ భాగ్యము కలిగినది. నాలుగేండ్లు వెనుకబడుట వలన తెలుగులో శ్రద్ధగా వ్రాయగలవారు కొందరు ఆంగ్లమునకు మరలిరి, కొందరు వీడియోలకు మరలిరి. నేడు వెబ్‌లో మంచి తెలుగు వచనము తక్కువగా నుండుటకు ఇదియు నొక కారణమని నా నమ్మకము.

సొమ్ము చేతికి వచ్చు విధానమును తెలియదగినదే. లెక్క పది డాలర్లు దాటగనే చిరునామా నిజమైనదో కాదో తెలియుటకు గూగుల్ వారు సాధారణ తపాలలో ఒక పిన్ సంఖ్యను పంపుదురు. ఇంత ఆధునికమైన వ్యాపారము చివరకు మన వీధి పోస్ట్‌మాన్ చేతిలో నుండుట వినోదమే. మాదాపురము హాస్టళ్లలో ఆ ఉత్తరము వేరొకరి గదిలో పడి మాయమగుటయు కద్దు. లెక్క నూరు డాలర్లు చేరువరకు చెల్లింపు లేదు. చేరిన పిమ్మట, ఒక నెల రాబడిని తరువాతి నెల 21వ తేదీకిని 26వ తేదీకిని నడుమ పంపుదురు. అనగా ఉద్యోగి కష్టించిన నెలాఖరుననే ఫలము పొందుచుండగా, సైటు యజమాని చైత్రమాసపు కష్టమునకు వైశాఖాంతమున ఫలము పొందును. ఈఎంఐ మాత్రము అయిదవ తేదీకే వచ్చును.

ఇట్లు స్వతంత్రుడైనవాడు ఎవరికి లోబడనివాడని తలచుట సరికాదు. మేనేజరు పోయెను, ఏటేట అప్రైజలు పేరిట జరుగు తంతు పోయెను, అర్ధరాత్రి అమెరికా వారితో కాల్ పోయెను. కాని వచ్చు పాఠకులలో అధికసంఖ్యాకులు గూగుల్ వెదకుటవలన వచ్చువారే యైనపుడు, ఆ వెదకులాట యొక్క నిబంధనలే అతనికి క్రొత్త ప్రభువు లగును. ఈ ప్రభువునకు ముఖము లేదు, విన్నపము వినదు. 2011 ఫిబ్రవరిలో పాండా యను మార్పు వచ్చి సారహీనమైన పుటలను క్రిందికి త్రోసినది. 2012 ఏప్రిలులో పెంగ్విన్ వచ్చి కృత్రిమముగా లింకులు కూర్చుకొన్న సైటులను శిక్షించినది. 2022, 2023 సంవత్సరములలో పాఠకునికి ఉపకరించు రచన యను పేరిట మరికొన్ని మార్పులు వచ్చినవి. ప్రతి మార్పునకును దుష్టు లెందరు శిక్షింపబడిరో, వారి నడుమ చిక్కుకొన్న సజ్జను లెందరో చెప్పుట కష్టము. నిన్న రాత్రి నిద్రించునపుడు మొదటి స్థానమున నున్న పుట తెల్లవారుసరికి నాలుగవ పేజీకి పోయినచో, కారణము చెప్పువారు లేరు. ఉద్యోగికైనచో కనీసము హెచ్.ఆర్. వారు ఒక ఉత్తరమిత్తురు. 2024లో గూగుల్ వారు కృత్రిమమేధ వ్రాసిన సమాధానమును ఫలితముల పైభాగముననే చూపుట ఆరంభించిరి. ఆ యేడాది ఆగస్టునుండి అది భారతదేశమునందును వచ్చినది. చిన్న ప్రశ్నకు చిన్న సమాధానము చెప్పి జీవించు సైటునకు ఇది గొడ్డలిపెట్టు. ఏ పట్టణపు పిన్‌కోడ్ ఏది, ఏ పండుగ ఏ తేదీన, ఏ పదమున కర్థమేమి యను పుటలను పేర్చుకొని కట్టిన మేడలు ఇక నిలువవు.

ప్రభుత్వపు నియమములును ఇట్లే ఒక్కనాడు వృత్తి స్వరూపమును మార్చివేయగలవు. రాజు వనపాల 2006లో హైదరాబాదున స్థాపించిన వే2ఎస్సెమ్మెస్ అను సైటునుండి ఉచితముగా ఎస్సెమ్మెస్‌లు పంపుకొనని కళాశాల విద్యార్థి ఆ రోజులలో అరుదు. 2011 సెప్టెంబరు 27 నుండి టెలికాం నియంత్రణసంస్థయైన ట్రాయ్ వారు ఒక నంబరునుండి దినమునకు నూరు సందేశములకు మించి పంపరాదనిరి. కొలది వారములకు దానిని రెండువందలకు పెంచిరి. ఆ పిమ్మట వాట్సాప్ వచ్చి ఎస్సెమ్మెస్ అవసరమునే తీసివేసినది. ఆ సంస్థ తరువాతి కాలమున చిన్న వార్తల వే2న్యూస్‌గా రూపము మార్చుకొన్నది. అందరికి అట్లు మార్చుకొను శక్తి యుండదు.

అందుచేత ఈ వృత్తిలో దీర్ఘకాలము నిలిచినవారి చరిత్రను చూచినచో, వారందరును ఎప్పుడో యొకప్పుడు ప్రకటనల కౌగిలినుండి సగమైనను బయటపడినవారే. అమిత్ అగర్వాల్ జీమెయిల్‌నుండి పలువురికి వేర్వేరుగా ఉత్తరములు పంపుట మొదలైన పనులకు చిన్న సాఫ్ట్‌వేర్ పరికరములను వ్రాసి అమ్మ నారంభించెను. ట్యుటోరియల్స్ పాయింట్ ఉచిత పాఠములకు తోడుగా వీడియో కోర్సులను వెలకు పెట్టినది. ఇది నాగేశ్వరరావు పంతులు మార్గమే. పత్రికను చదువవచ్చినవానికి సొంత సీసాను చూపుట. 2010లో హైదరాబాదునుండి మొదలైన కినిగె యైతే తొలినుండియు ప్రకటనలపై కాక తెలుగు పుస్తకముల ఎలక్ట్రానిక్ ప్రతులను అమ్ముటపైనే తన్ను తాను నిలుపుకొన జూచినది. తెలుగు పాఠకుడు వెబ్‌లో డబ్బు చెల్లించి చదువునా యను ప్రశ్నకు అది చేసిన ప్రయోగమే అనేకులకు తొలి సమాధానము.

వదలుట యను కార్యమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన, కష్టములలో సగము సైటువలన గాక, సరిగా వదలకపోవుటవలన వచ్చును. ఆఫర్ లెటరుపై సంతకము పెట్టునాడు ఎవరును చదువని పుటలలో రెండు షరతు లుండును. ఉద్యోగకాలమున చేసిన రచనలును ఆవిష్కరణలును కంపెనీకే చెందునని యొకటి. అనుమతి లేక వేరొక ఆదాయవ్యాపారము చేయరాదని మరియొకటి. 2022 సెప్టెంబరులో విప్రో సంస్థ అధిపతి రిషద్ ప్రేమ్‌జీ పోటీ సంస్థలకు పనిచేయుచుండిన మూడువందల మందిని తొలగించితిమని బహిరంగముగా చెప్పినప్పటినుండి మూన్‌లైటింగ్ అను మాట సైబరాబాదు టీ బంకులయొద్ద సైతము మ్రోగినది. సొంత వెబ్‌సైటు పోటీ సంస్థలో కొలువువంటిది కాదు, నిజమే. ఐనను షరతు షరతే. అనుమతిని వ్రాతపూర్వకముగా తీసికొనుట మేలు. ఆఫీసు లాప్‌టాపుపై సైటునకు ఒక్క పంక్తియు వ్రాయరాదు. డొమైన్ పేరును ఆఫీసు మెయిలుతో రిజిస్టరు చేయరాదు; చివరి పనిదినము సాయంకాలమే ఆ మెయిలు మూతపడును, మరుసటి సంవత్సరము రెన్యువల్ నోటీసు ఆ మూతపడిన పెట్టెలోనే పడును, పేరు పరులపాలగును. సైటు చేసిపెట్టిన మిత్రుని పేరిటనో, డిజైనరు పేరిటనో డొమైన్‌ను ఉంచుటయు ఇట్టిదే. యజమాని కావలెనని ఉద్యోగము మానినవాడు తన పేరునకే యజమాని కాకుండుట విచిత్రము గాని, విరళము కాదు.

కంపెనీ వదలిన పిమ్మట అదే రంగమున పనిచేయరాదను నిషేధమును కొందరు భయపడి పాటింతురు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టపు 27వ సెక్షను ప్రకారము, చట్టసమ్మతమైన వృత్తిని చేయకుండ నిరోధించు ఒప్పందము ఆ మేరకు చెల్లదు; రహస్యములను బయటపెట్టుట మాత్రము వేరు సంగతి, అది నేరము కావచ్చును. నోటీసు పీరియడ్ తొంబదిదినము లున్నచో దానిని శాపముగా తలపక, ఆ మూడునెలల జీతమును దాచుకొనుటకు దొరకిన యవకాశముగా తలపవలెను. ఐదేండ్ల సర్వీసు నిండుటకు కొలది నెలలే యున్నయెడల ఆగుట వివేకము. అప్పుడే గ్రాట్యుటీకి హక్కు కలుగును. మూలవేతనముపై యజమాని కట్టు పన్నెండు శాతము పీఎఫ్ వాటా ఆనాటితో నిలిచిపోవును. కంపెనీవారి ఆరోగ్యబీమాయు చివరి దినముతోనే ముగియును. వృద్ధులైన తల్లిదండ్రులు అందులో నున్నవారు రాజీనామాకు ముందే సొంత పాలసీని కొనవలెను. ఏలయన, క్రొత్త పాలసీలు ముందునుండి యున్న వ్యాధులకు కొన్నేండ్లు నిరీక్షింప జేయును. గృహఋణము కావలసినవారు జీతపు స్లిప్పు ఉన్న కాలముననే తీసికొనవలెను. సొంత వృత్తివానిని బ్యాంకువారు రెండుమూడేండ్ల ఆదాయపుపన్ను రిటర్నులు చూపుమందురు. పాఠకుల సంఖ్య చూపినచో మర్యాదగా నవ్వుదురు.

పన్ను సంగతి. ఉద్యోగికి పన్నును కంపెనీయే కోసి కట్టును. సైటు యజమాని తానే లెక్కవేసికొని జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలలలో ముందస్తు పన్నును కట్టవలెను. సేవల వార్షిక రాబడి ఇరువది లక్షలు దాటినచో జీఎస్టీ రిజిస్ట్రేషను అవసరము. విదేశమునుండి వచ్చు ప్రకటనల సొమ్ము సేవల యెగుమతియైనచో దానిపై పన్ను భారము లేకుండ చేసికొనుటకు మార్గము కలదు, కాని ఆ మార్గమునకును కాగితము లున్నవి. మొదటి సంవత్సరమే ఒక మంచి ఆడిటరును ఆశ్రయించుట కంటె చెప్పదగిన దేమియు లేదు.

సామాజికమైన మూల్యమునుగూర్చి ఏ ఆడిటరును లెక్క చెప్పడు. మన పెండ్లిసంబంధముల లోకములో సాఫ్ట్‌వేర్ అను మాటకున్న విలువ వెబ్‌సైటు అను మాటకు లేదు. అబ్బాయి యేమి చేయుచున్నాడని యడిగినపుడు కంపెనీ పేరు చెప్పిన తండ్రి గొంతు ఒకవిధముగా నుండును. సొంతముగా సైటు నడుపుచున్నాడని చెప్పిన తండ్రి గొంతు వేరొకవిధముగా నుండును. మూడవ వాక్యములో అతడు పూర్వపు కంపెనీ పేరును తప్పక చేర్చును. స్త్రీల విషయమున ఇది మరింత చిక్కు. బిడ్డ పుట్టిన పిమ్మట కొలువు మాని వంటల సైటో, పిల్లల పెంపకపు సైటో నడుపు గృహిణి లక్షలు గడించినను అది పని క్రింద లెక్కకు రాదు; ఇంటిలోనే యున్నదిగదా యని, గ్యాసుబండ వచ్చినను, బంధువు వచ్చినను ఆమెయే లేవవలెను. ఆ సైటు ఆదాయముపైనే ఇంటి అప్పు తీరుచుండుట ఆ లేపువారికి తెలిసియే యుండును.

మరియు ఏకాకితనము కలదు. ఐటీ కారిడారులో పనిచేయువానికి పని యెంత విసుగైనను, కాంటీనులో దోసెయొద్ద తిట్టుకొనుటకు నలుగురు దొరకుదురు. ఇంట కూర్చుండి వ్రాయువానికి ఆ నలుగురు లేరు. కొందరు మాదాపురములోని కో-వర్కింగ్ స్థలములలో ఒక కుర్చీ నద్దెకు తీసికొని, 2019లో హైటెక్ సిటీవరకు, ఆ యేడాది చివర రాయదుర్గమువరకు వచ్చిన మెట్రోలో పూర్వపు సహోద్యోగులతోడనే ప్రయాణము చేయుచుందురు. స్వాతంత్ర్యము పొందినవాడు మరల అదే పెట్టెలో ఎక్కుటను చూచి నవ్వనక్కరలేదు, మనుష్యునికి మనుష్యులు కావలెను. మరికొందరు ఊరికి పోవుదురు. ఒకప్పుడు ఊరిలో నెట్ లేదనునది గట్టి అభ్యంతరము. ఇప్పుడు ఫైబరు మండలకేంద్రములు దాటి పల్లెలకును పోవుచున్నది గనుక, మిగిలిన అభ్యంతరము భార్యాపిల్లల చదువు కొలువులు మాత్రమే.

ఎప్పుడు వదలవచ్చునని యడిగినవారికి నేను చెప్పదగినది ఒక్కటే. ఒక మంచి నెల రాబడిని చూచి రాజీనామా వ్రాయరాదు. దసరా, దీపావళి మాసములలో ప్రకటనల ధరలు పెరిగి, ఆర్థికసంవత్సరము మారిన ఏప్రిలులో అవి పడిపోవుట ఈ వృత్తి యొక్క ఋతుధర్మము. పండ్రెండు నెలల సగటును తీసి, దానిలోనుండి పన్నును, బీమాను, ఆగిపోవు పీఎఫ్‌ను తీసివేసి, మిగిలినది ఇంటి ఖర్చునకు సరిపోవుచున్నదా యని చూడవలెను. ఆ పైన వెదకులాట యంత్రము ద్వారా కాక, సైటు పేరును తామే టైపు చేసికొని వచ్చువారు నూటికి ఎందరున్నారో చూడవలెను. ఏ మార్పు వచ్చినను మిగులువారు వారే. పోటీపరీక్షల అభ్యర్థి ఉదయమున లేవగనే పేరు పెట్టి తెరచు సైటునకు కృత్రిమమేధ వలన వచ్చు నష్టము తక్కువ. అడ్డదారిన ఒక్కసారి వచ్చి పోవు పాఠకులపై కట్టిన సైటు, ఎంత పెద్దదైనను, ఎవరిదో చెప్పలేము.

వదలినవారిలో కొందరు రెండుమూడేండ్లకు మరల కొలువులకు వచ్చుచున్నారు. రెస్యూమేలో ఆ ఖాళీ యేమని ఇంటర్వ్యూలో అడుగుదురు. సైటు నడిపితినని చెప్పినచో ఒకప్పుడు ముఖము చిట్లించెడివారు, ఇప్పుడు సర్వరు తామే నడిపిరా, పాఠకు లెందరు వచ్చెడివారు, డేటాబేసు ఏదియని తరువాతి ప్రశ్నలు వేయుచున్నారు. అందుచేత రిలీవింగ్ లెటరును, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటు కాగితములను, చివరి మూడునెలల జీతపు స్లిప్పులను, ఫారం-16ను భద్రపరచుకొనవలెను; పాత కంపెనీవారు పేర్లు మార్చుకొందురు, విలీనమగుదురు, ఆ కాగితములను మరల పుట్టించుట దుర్లభము. మరల చేరునాడు, ఇంతకుముందు చదువని ఆ రెండు షరతులను చదివి, సైటు పేరును ముందుగానే వెల్లడించి, అది తనదేనని ఆఫర్ లెటరులో వ్రాయించుకొనువారును కలరు. అట్లు వ్రాసియిచ్చుటకు అంగీకరించు కంపెనీలు కారిడారులో ఇప్పుడు లేకపోలేదు.